మైకుగారి వానాకాలం మౌనం

ఆ రోజు పొద్దున మైకుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవాలి, పళ్ళు తోముకోవాలి, నోరు మూసుకోవాలి. మొదటి రెండూ చిన్నప్పటి నుంచీ చేస్తున్నవే కాబట్టి ఇబ్బంది లేదు. మూడోదే కొత్త.

మైకుగారు అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో బస్టాండు మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన గొంతు వినబడగానే బెంచీల మీద కునికిపాట్లు పడేవాళ్ళు కూడా లేచి సంచీ భుజాన తగిలించుకుంటారు. అయితే ఆయనకో అలవాటుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి, దయచేసి గమనించగలరు" అని మొదలుపెట్టి, ఆ ముక్కే మరోసారి చెప్పి, ఆ తర్వాతగానీ అసలు విషయంలోకి దిగరు. ఇంట్లోనూ అంతే. చారులో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా ముందు గొంతు సవరించుకుని, ఇంట్లోవాళ్ళందరూ తనవైపు తిరిగారో లేదో చూసుకునేవారు. ఇంట్లోవాళ్ళందరూ అంటే ఆయన భార్య ఒక్కతే. ఆవిడ బడిలో లెక్కల టీచరు. పొద్దున బండెడు పేపర్లు దిద్దుకుంటూ, తిరగకుండానే "తక్కువైంది, తెలుసు" అనేది.

అలాంటి గొంతు ఆ ఏడాది ఎండాకాలం చివర్లో మొరాయించింది. ఒకరోజు మైకులో ఏడో నంబరు ప్లాట్‌ఫారం అనబోతే, తలుపు బందు కిర్రుమన్నట్టు ఏదో వచ్చింది. ప్రయాణికులు నవ్వారు. మైకుగారు నీళ్ళు తాగి మళ్ళీ చెప్పారు. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు.

గొంతు డాక్టరు నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. "లోపల బాగా వాచింది. పొద్దున పూట అసలు మాట్లాడకండి. పగలు మైకులో చెప్తారు కదా, మెల్లగా చెప్పండి, మిగతాది మైకు చూసుకుంటుంది. అరవడం మాత్రం వద్దు. అరిస్తే ఉన్నది కూడా పోతుంది," అన్నాడు.

పోతే ఏమవుతుందో మైకుగారికి తెలుసు. బస్టాండు మేనేజరు టేబులు మీద అప్పటికే ఒక రంగుల కాగితం ఉంది. ఎవరి గొంతూ లేకుండా తనంతట తానే ప్రకటనలు చదివే యంత్రం తాలూకు కాగితం అది. కిందటేడు దాని నమూనా ఒకటి వారం రోజులు బస్టాండులో పెట్టి చూశారు కూడా. "వానాకాలం దాటనిచ్చి చూద్దాం," అని మేనేజరు ఎవరితోనో ఫోనులో అనడం మైకుగారు విన్నారు. అందుకే గొంతు సంగతి బస్టాండులో ఎవరికీ చెప్పలేదు. జలుబన్నారు.

భార్య ఆయన్ని తను వెళ్ళే ధ్యానకేంద్రానికి తీసుకెళ్ళింది. అది ఇస్త్రీ షాపు మేడ మీద ఒక పొడుగాటి గది. కింద నుంచి ఇస్త్రీ పెట్టెల వేడి, పైన చాపలు, కిటికీ పక్కన నర్సు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దక్క. అక్కడ ఒక పద్ధతి ఉంది. కాలం మారినప్పుడల్లా ప్రతి ఒక్కరూ ఒక దీక్ష తీసుకోవాలి. ఆ దీక్షకి రెండు కొసలుండాలి. ఒక కొస మన ఒంటికో మనసుకో మేలు చెయ్యాలి, రెండో కొస వీధికి మేలు చెయ్యాలి. పెద్దక్క ఒక ఆకుపచ్చ దారం తీసుకుని రెండు ముక్కలు చేస్తుంది. ఒకటి మణికట్టుకి కడుతుంది. రెండోది మనమే వెళ్ళి వీధిలో మనం ఎంచుకున్న చోట కట్టుకోవాలి. టీచరమ్మ కిందటి చలికాలంలో కోపం తగ్గించుకుంటానని ఒక దారం మణికట్టుకి కట్టించుకుని, పిల్లలు రోడ్డు దాటే చోట స్తంభానికి రెండో దారం కట్టి రోజూ వాళ్ళని దాటించింది. కోపం తగ్గలేదుగానీ పిల్లలు మాత్రం క్షేమంగా దాటారు.

"నాది తేలికండి. పొద్దున పది దాకా మౌనం," అన్నారు మైకుగారు.

"అది మీకు. మరి వీధికి?" అంది పెద్దక్క.

మైకుగారు ఆలోచించారు. వాళ్ళ వీధి మలుపులో, బస్సు ఆగే చోటికి కాస్త ఇవతల, మురుగు కాలువ మూత ఎప్పుడో విరిగిపోయింది. వాన పడితే గొయ్యి మీద నీళ్ళు నిలిచి అదీ రోడ్డులాగే కనిపిస్తుంది. ఆయన ఓసారి అక్కడ ఒక చెట్టు కొమ్మ గుచ్చి వచ్చారు. సాయంత్రానికి ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. పాత కుర్చీ పెట్టారు. కుర్చీ పోయిందని ఎవరూ ఆశ్చర్యపోలేదు, అంతసేపు ఉన్నందుకు ఆశ్చర్యపోయారు.

"గొయ్యి పక్కన నేనే నిలబడతాను. నన్నైతే ఎవరూ ఎత్తుకుపోరు," అన్నారు.

"మంచిదే. కానీ సైగలు చెయ్యడం, రాసి చూపించడం, తలూపడం కూడా మాటల కిందే లెక్క," అంది పెద్దక్క.

"ఎవరైనా పడబోతుంటే?"

"అప్పుడు మాట్లాడండి. మౌనం మనిషి కోసమేగా."

అలా మొదటి రోజు పొద్దున మైకుగారు నోరు మూసుకుని, గొడుగు పట్టుకుని, గొయ్యి అంచున పొడుచుకొచ్చిన ఇనప చువ్వకి ఆకుపచ్చ దారం కట్టి నిలబడ్డారు. సన్నగా తుంపర పడుతోంది. మాట్లాడని మనిషికి ఇన్ని చప్పుళ్ళు వినిపిస్తాయా అని ఆయనకే వింతగా ఉంది. కాలవలో నీరు ఎటు మళ్ళుతోందో వినిపిస్తోంది. ఎదురింటి మేడ మీద ఎవరో పాత పాట ఒకటి సగం దాకా పాడి, మాటలు మరిచిపోయి, మళ్ళీ మొదటికి వస్తున్నారు. ఇన్నేళ్ళూ ఊరందరికీ తాను చెప్పడమే సరిపోయింది, ఊరేమంటోందో వినలేదు అనుకున్నారు. ఆ ఆలోచన ఆయనకి బాగా నచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. నోరు తెరవబోయి మూసుకున్నారు.

ముందుగా చూసినవాడు ఎదురుగా కొట్టున్న దర్జీ.

"ఏమండీ, ఏం పోయింది?" అన్నాడు. మైకుగారు పలకలేదు. దర్జీ గొయ్యిలోకి తొంగిచూశాడు. "ఉంగరమా?" మైకుగారు ఆకాశం వైపు చూశారు. "చెప్పుకోలేనిదా? పాపం," అని దర్జీ వెళ్ళి పక్కనున్న సైకిలు మెకానిక్కుని పిలుచుకొచ్చాడు. "మైకుగారిది ఏదో విలువైనది పడిపోయిందిరా. నోట మాట రావడం లేదు."

మెకానిక్కు పొడుగాటి కొక్కెం తెచ్చి కలియబెట్టాడు. ఒక చెప్పు వచ్చింది. తర్వాత ఒక గరిటె, కళ్ళజోడు సగం, చిన్నపిల్లల గిలక్కాయ వచ్చాయి. ఒక్కోటి పైకి తీసి "ఇదా?" అని అడుగుతుంటే చుట్టూ చేరినవాళ్ళందరూ మైకుగారి మొహంలోకి చూశారు. పది కాగానే ఆయన గబగబా బస్టాండుకి వెళ్ళిపోయారు. అది చూసి జనం, ఆ గిలక్కాయే అయివుంటుంది, చూడగానే తట్టుకోలేక వెళ్ళిపోయాడు అని తేల్చారు.

సాయంత్రం వస్తూ మైకుగారు దర్జీ కొట్టు దగ్గర ఆగి గొంతు పెంచకుండా మెల్లగా చెప్పారు. "ఏం పోలేదండి. ఎవరూ గోతిలో పడకుండా నిలబడుతున్నాను, అంతే."

దర్జీ సూదిలో దారం ఎక్కించడం ఆపి ఆయన్ని కిందా మీదా చూశాడు. "ఎవరూ పడకుండా? ఊరికే?"

"ఊరికేనండి."

"ఎవరైనా ఊరికే నిలబడతారా? పోనీలెండి, చెప్పకూడనిదైతే చెప్పకండి," అన్నాడు దర్జీ. మైకుగారు ఎన్నో ఏళ్ళు బస్సు గంట ఆలస్యమని చెప్పినా నమ్మిన జనం, నిజంగా నిజం చెప్తే నమ్మకపోవడం ఆయనకి మొదటిసారి ఎదురైంది.

ఇంట్లో మౌనం మొదట్లో టీచరమ్మకి హాయిగానే ఉండింది. పేపర్లు దిద్దడం త్వరగా అయిపోయేది. కానీ రోజులు గడిచేకొద్దీ ఆవిడకి ఏదో వెలితిగా అనిపించసాగింది. ఆయన తరఫున కూడా తానే మాట్లాడటం మొదలుపెట్టింది. "కిటికీ ఎందుకు తీశానంటారా? గాలి కోసం. వాన జల్లు కొడుతుందంటారా? కొట్టనివ్వండి. అలా అనకూడదా? సరే, మూస్తాను." ఇలా వాదించి, ఓడిపోయి, కిటికీ మూసేది. బడికి బయలుదేరే ముందు చెప్పులేసుకుంటూ రోజూ ఒకే మాట అడిగేది. "అంతసేపు ఏం ఆలోచిస్తుంటారు?" ఆయన జవాబివ్వకూడదని ఆవిడకి తెలుసు. అయినా అడిగి, ఒక్క క్షణం ఆగి, వెళ్ళేది.

వీధిలో రెండో సిద్ధాంతం బయలుదేరదీసింది రిటైరైన పోస్టుమాస్టరు. ఆయనకి దేన్నైనా దగ్గరగా చూసే అలవాటు. కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి ఇనప చువ్వని చూశాడు, ఆకుపచ్చ దారం చూశాడు, మైకుగారిని చూశాడు.

"ఇది పోగొట్టుకున్న వ్యవహారం కాదు. ఇది కొలత గుర్తు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు," అన్నాడు.

"ఈయనెందుకు నిలబడ్డారు మరి?" అన్నాడు మెకానిక్కు.

"గుర్తు ఎవరూ పీకకుండా కాపలా. చెప్పొద్దని పైనుంచి ఆర్డరు ఉంటుంది. చూడు, ఎంత అడిగినా పెదవి విప్పుతున్నారా?"

మెకానిక్కు మైకుగారిని అడిగాడు. మైకుగారు పెదవి విప్పలేదు. అంతకన్నా రుజువు ఏం కావాలి? మర్నాటికి దర్జీ తన కొట్టు ముందు రోడ్డు మీదికి కట్టుకున్న మెట్లు తనే పగలగొట్టించుకున్నాడు. ప్రభుత్వం పగలగొడితే గోడ కూడా పోతుందని అతని భయం. మెకానిక్కు రోడ్డు మీద పేర్చిన టైర్లన్నీ లోపలికి సర్దాడు. పోస్టుమాస్టరు కూడా తన ప్రహరీ అవతలికి పెంచిన పూలకుండీలు ఎవరూ చూడకుండా వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు అందరికీ ఒక వింత కనిపించింది. ఆ వీధికి కాలిబాట ఉంది. రాళ్ళు పరిచిన అసలైన కాలిబాట, అటు నుంచి ఇటు దాకా. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కూడా దాని మీద నడిచి చూసి, బాగుందే అనుకున్నారు.

ఇంకో వింత కూడా జరగసాగింది. మైకుగారు పలకరని తెలిశాక, వీధివాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి ఆయనకి తమ గోడు చెప్పుకోవడం మొదలుపెట్టారు. దర్జీ ఒకరోజు చుట్టూ చూసి, "ఈమధ్య టేపు మీద అంకెలు సరిగా కనబడటం లేదండి. చూపు తగ్గిందని తెలిస్తే గిరాకీ పోతుందేమోనని అద్దాలు పెట్టుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. మైకుగారు అతని వైపు జాలిగా చూశారు. మూడు రోజుల తర్వాత దర్జీ కొత్త కళ్ళద్దాలతో వచ్చి, "మీరు చెప్పినట్టే చేశాను," అని చేతులు పట్టుకున్నాడు. మైకుగారికి ఇది నిజంగా అర్థం కాలేదు. జీవితమంతా గొంతు చించుకుని చెప్తే ఎవరూ వినలేదు, ఇప్పుడు చెప్పనిదాన్ని బుద్ధిగా పాటిస్తున్నారు. గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని ఈ సంగతే ఆలోచించేవారు. గొంతు మంట కూడా కొద్దికొద్దిగా తగ్గుతోంది. మైకులో మెల్లగా చెప్తుంటే ఏడో నంబరు ఏడో నంబరులాగే వస్తోంది.

అంతా ఇలాగే సాగిపోతే కథ సుఖాంతమే. కానీ ఒక స్థానిక చానెలు విలేకరి అటుగా వచ్చాడు. మైకుగారి ఉద్యోగమేమిటో కనుక్కున్నాడు. బస్టాండులో యంత్రం పెట్టబోతున్నారన్న సంగతి కూడా ఎక్కడో విన్నాడు. రెండూ కలిపితే అతని కళ్ళు మెరిశాయి.

"మీ ఉద్యోగాన్ని యంత్రానికి ఇచ్చేస్తున్నారని మీరు మౌనపోరాటం చేస్తున్నారు. అవునా?" అని మైకు పెట్టాడు. మైకుగారు జీవితంలో మొదటిసారి మైకుని చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. వెనక గొయ్యి ఉందని గుర్తొచ్చి ఆగిపోయారు. "చూశారుగా," అన్నాడు విలేకరి కెమెరా వైపు తిరిగి, "గోతి అంచున నిలబడ్డారు. తన ఉద్యోగం కూడా ఇలాగే గోతి అంచున ఉందని మాటల్లేకుండా చెప్తున్నారు."

ఆ వీడియో అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. మర్నాడు పొద్దున మైకుగారు వచ్చేసరికి అక్కడ ఒక టెంటు ఉంది. పోస్టుమాస్టరు మెడలో కండువా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. రోడ్డు వెడల్పు అన్నది తానేనన్న సంగతి ఆయన పూర్తిగా మరిచిపోయాడు. "నేను మొదటి రోజే పసిగట్టాను," అంటున్నాడు.

సరిగ్గా ఆ పొద్దునే మునిసిపాలిటీ లారీ వచ్చింది. అందులో ఒక కొత్త మూత ఉంది. గుండ్రంగా, బరువుగా, నల్లగా నిగనిగలాడుతోంది. వానలు మొదలవ్వక ముందు ఎప్పుడో టీచరమ్మ ఇచ్చిన అర్జీకి ఇప్పుడు మోక్షం వచ్చిందన్నమాట. లారీ దిగిన సూపర్‌వైజరు టెంటు చూసి ఆగాడు.

"ఇక్కడేం జరుగుతోంది?"

"పోరాటం," అన్నాడు పోస్టుమాస్టరు గర్వంగా.

"పోరాటం జరిగే చోట మేం పని చెయ్యకూడదండి. తర్వాత గొడవైతే మా మీదికొస్తుంది. అయిపోయాక కబురు చెయ్యండి," అని సూపర్‌వైజరు లారీ ఎక్కాడు.

మైకుగారు లారీ వైపు చూశారు, మూత వైపు చూశారు. ఒక్క మాట చాలు. "ఆగండి" అంటే చాలు. కానీ ఎవరూ పడబోవడం లేదు. ఎవరైనా పడబోతేనే మాట్లాడాలి. ఆయన కాళ్ళు మాత్రం రెండడుగులు ముందుకు వేశాయి. జనం దాన్ని లారీని తరిమికొట్టడంగా అర్థం చేసుకుని చప్పట్లు కొట్టారు. లారీ మలుపు తిరిగి మూతతో సహా వెళ్ళిపోయింది.

పది దాటగానే ఆయన బస్టాండు నుంచి మునిసిపల్ ఆఫీసుకి ఫోను చేశారు. "అక్కడ పోరాటమేమీ లేదండి, మూత వెయ్యండి," అన్నారు.

"పోరాటం విరమించినట్టు పోరాటం చేస్తున్నవాళ్ళు వచ్చి చెప్పాలండి," అంది అవతలి గొంతు.

"నేను పోరాటం చెయ్యడం లేదు."

"అయితే మీరు చెప్పడం కుదరదు," అని ఫోను పెట్టేశారు.

ఆ రాత్రి ఆయన భోజనం సరిగా చెయ్యలేదు. వీడియో మేనేజరు కూడా చూసుంటాడు. యంత్రాన్ని వ్యతిరేకించి వీధికెక్కాడని ఉద్యోగం తీసెయ్యొచ్చు. కాదు, గొంతు బాలేక మౌనం పట్టానని చెప్తే, గొంతు బాలేదని తీసెయ్యొచ్చు. ఎటు చూసినా గొయ్యే. టీచరమ్మ కంచం తీస్తూ, "రేపు మానెయ్యకూడదా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. మూత ఇంకా పడలేదు మరి. ఆవిడకి భయం వేసింది, ఆయన మీద గర్వంగా కూడా అనిపించింది. ఈ రెండింటిలో ఏది ముందు చెప్పాలో తెలియక కంచం కడగడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వాన బాగా కురిసి వెలిసింది. గొయ్యి నీళ్ళతో నిండి రోడ్డులో కలిసిపోయింది. ఆ రోజు బడికి సెలవు కావడంతో టీచరమ్మ కూడా వచ్చి దర్జీ కొట్టు ముందు నిలబడింది. అప్పుడు మేనేజరు వచ్చాడు. భారీ ఒళ్ళు, ఇస్త్రీ మడతలు నలగని తెల్ల ప్యాంటు, చెవి దగ్గర ఫోను. ఎవరికో "వచ్చాను, చూస్తున్నాను, తేలుస్తాను" అని చెప్తున్నాడు. ఫోను చేత్తో మూసి మైకుగారి వైపు తిరిగాడు.

"ఏమిటండీ ఇది? మీకేదైనా కష్టముంటే నా గదికి రావొచ్చుగా. ఇది పోరాటం కాదని ఒక్క మాట చెప్పండి, ఇక్కడితో మర్చిపోతాను."

మైకుగారు ఆయన కళ్ళల్లోకి చూశారు. చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"చెప్పరా? సరే. యంత్రానికి ఇప్పుడే ఆర్డరు ఇచ్చేస్తాను," అని మేనేజరు ఫోను చెవిన పెట్టుకున్నాడు. ఫోనులో మాట్లాడేవాళ్ళు ఒకచోట ఉండరు కదా. ఆయన అటు నాలుగడుగులు నడిచాడు, ఇటు తిరిగాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ నేరుగా నీళ్ళవైపు బయలుదేరాడు.

మైకుగారు చూశారు. మేనేజరు గోతిలో పడితే, ఫోను కూడా పడుతుంది. ఫోను పడితే ఆర్డరు కూడా ఆగుతుంది. ఈ ఆలోచన ఆయనకి రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది, కాసేపు ఉంది కూడా. డాక్టరు మాట కూడా గుర్తొచ్చింది. అరిస్తే ఉన్నది పోతుంది. కానీ ఇన్ని వానల్లో ఆయన గొడుగు పట్టుకుని నిలబడింది ఎవరూ పడకూడదనే. మంచివాళ్ళు పడకూడదు, మిగతావాళ్ళు పడొచ్చు అని దీక్షలో లేదు. పోతే పోయిందని నోరు తెరిచి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి, దయచేసి గమనించగలరు."

వీధి వీధంతా ఆ గొంతుతో నిండిపోయింది. గంట కొట్టినట్టు ఖంగున, ఒక్క జీర లేకుండా వచ్చింది. బస్సు ఆగే చోట నిలబడ్డవాళ్ళందరూ చటుక్కున సంచులు భుజాన వేసుకున్నారు. టెంటులో నిద్రపోతున్న ఇద్దరు లేచి నిలబడి తమ బస్సు ఏదని అడిగారు. మేనేజరు కూడా ఆగిపోయాడు. ఏళ్ళ తరబడి బస్టాండులో పనిచేసిన మనిషి ఆయన. ఆ మాట వినబడగానే అందరిలాగే లౌడుస్పీకరు కోసం తల పైకెత్తాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి, దయచేసి గమనించగలరు," అన్నారు మైకుగారు రెండోసారి. అలవాటు మరి. లోపల మనసు "గొయ్యి, గొయ్యి" అని కొట్టుకుంటూనే ఉంది, నోరు మాత్రం తన వరుస తప్పలేదు. "గోతి వైపు వెళ్ళుచున్న మేనేజరుగారు..."

తల పైకెత్తిన మేనేజరు, లౌడుస్పీకరు ఎక్కడా కనబడక, సరిగ్గా చూద్దామని ఇంకో అడుగు ముందుకేశాడు.

"...వెంటనే ఆగవలెనని కోరడమైనది," అని మైకుగారు ముగించేసరికి మేనేజరు నడుము దాకా గోతిలో ఉన్నాడు. ఫోను మాత్రం చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. అవతలి మనిషి ఇంకా "హలో, హలో" అంటున్నాడు.

మెకానిక్కు కొక్కెం తెచ్చాడు. దర్జీ కొలత టేపు తెచ్చాడు, ఎందుకో అతనికే తెలియదు. వీధి మొత్తం పట్టుకుని లాగితే, సరిగ్గా పదింటికి మేనేజరు బయటికొచ్చాడు. తెల్ల ప్యాంటు ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. దెబ్బలేమీ తగల్లేదు. కాలిబాట మీద కూర్చుని నీళ్ళు తాగి, మైకుగారి వైపు చూశాడు.

"ముందు అంత పొడుగు ఎందుకండీ? గొయ్యి అంటే సరిపోయేదిగా?"

"అలవాటండి," అన్నారు మైకుగారు తలవంచుకుని. "రెండుసార్లు చెప్పాకే విషయం చెప్పమని మొదట్లో మీరే అన్నారు."

మేనేజరు అంతా విన్నాడు. గొంతు వాచిన సంగతి, దీక్ష, గొయ్యి, గిలక్కాయ, రోడ్డు వెడల్పు. మధ్యలో పోస్టుమాస్టరు దిద్దబోతే టీచరమ్మ కళ్ళతోనే కూర్చోబెట్టింది. చివరికి మేనేజరు ఫోనులో అవతలి మనిషితో అన్నాడు. "ఆర్డరు వద్దులెండి. మీ యంత్రం నమూనా పెట్టినప్పుడు వారం రోజులు మా బస్టాండులో ఒక్కరు కూడా తల ఎత్తలేదు. ఈయన పిలిస్తే నేను లేని స్పీకరు వెతుక్కుని గోతిలో పడ్డాను." అని మైకుగారి వైపు తిరిగి, "ఇకనుంచి పొద్దున పూట విశ్రాంతి తీసుకోండి. పది తర్వాతే రండి," అన్నాడు. ఆయన ఎప్పుడూ పది తర్వాతే వస్తున్నారన్న సంగతి మేనేజరుకి తెలియదు. మైకుగారు కూడా చెప్పలేదు. మౌనం వల్ల కలిగిన లాభాల్లో అదొకటి.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. ప్రమాదం జరిగిన చోట పోరాటంతో సంబంధం లేకుండా వెంటనే పని చెయ్యాలట. మూత పడింది. ఆకుపచ్చ దారం అంచు దాని కింద నుంచి కాస్త బయటికి కనిపిస్తూ మిగిలిపోయింది.

సాయంత్రం డాక్టరు లైటు వేసి చూసి, ఇంకోసారి చూసి, ఈ గొంతుకి ఏం మందు వాడారని అడిగాడు. ఇంటికొచ్చాక టీచరమ్మ చెప్పులు విప్పుతూ, ఇన్నాళ్ళుగా పొద్దున అడిగే మాట ఈసారి సాయంత్రం అడిగింది.

"అంతసేపు ఏం ఆలోచించేవారు?"

మైకుగారు గొంతు సవరించుకున్నారు. ప్రయాణికులూ, విజ్ఞప్తీ ఏదీ లేకుండా నేరుగా చెప్పారు. "పొద్దున నువ్వు ఆ మాట అడిగి ఒక్క క్షణం ఆగేదానివి కదా. రేపు కూడా ఆగుతావా లేదా అని."

టీచరమ్మ చెప్పులు గోడ వారగా పెట్టింది. తర్వాత ఎందుకో కిటికీ తీసింది. జల్లు కొడుతోంది, కొట్టనిచ్చింది.

వానలు వెనకపట్టు పట్టి చలికాలం వచ్చేసరికి ఇస్త్రీ షాపు మేడ మీద కొత్త దీక్షలు మొదలయ్యాయి. చాపల చివరి వరుసలో మేనేజరు కూర్చున్నాడు.

"మీరేం తీసుకుంటారు?" అంది పెద్దక్క.

"నడిచేటప్పుడు ఫోను మాట్లాడను. కిందికి చూసి నడుస్తాను."

"అది మీకు. మరి వీధికి?"

మేనేజరు తన ఒళ్ళు ఒకసారి చూసుకున్నాడు. "వీధికి కూడా అదేనండి. నన్ను లాగినవాళ్ళ నడుం నొప్పులు ఇంకా తగ్గలేదట."

పెద్దక్క దారపు ఉండ పక్కన పెట్టి, లోపలి నుంచి కాస్త దళసరిది తెచ్చింది.